రెండుసార్లు వెళ్తే ఒకే పార్కింగ్ అని కౌంటీ కోర్టులో కేసు వేశారు – ఆధారాలు ఎలా సేకరించాలి?

లెస్టర్_శీను · జూన్ 17, 2025

అందరికీ నమస్తే. కొంచెం టెన్షన్‌లో ఉన్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

జనవరి 18, శనివారం. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక రిటైల్ పార్కులో (షాపుల సముదాయం) పార్కింగ్ 2 గంటలు ఫ్రీ. పొద్దున 10:38కి వెళ్లి పాపకి షూస్ కొని, అరగంటలోపే బయటపడ్డాం. దారిలో పెట్రోల్ పోయించి పాపని కూచిపూడి క్లాసులో దింపాను. క్లాసయ్యాక భోజనం చేసి, షూస్ సైజు సరిపోలేదని 2 దాటాక మళ్లీ అక్కడికే వెళ్లి మార్చుకొని 2:50కి వచ్చేశాం. అక్కడ పార్కింగ్ చూసుకునే ప్రైవేట్ కంపెనీ కెమెరా ఫోటోలు రెండే రెండు: 10:38కి లోపలికి, 14:50కి బయటికి. మొత్తం 4 గంటల 12 నిమిషాలు ఉన్నామట!

కంపెనీకి అప్పీల్ చేశాను, తిరస్కరించారు. ఆ తర్వాత స్వతంత్ర అప్పీల్ అన్నారు, అదీ పోయింది. ఇప్పుడు నార్తాంప్టన్‌లోని కోర్టు కేంద్రం నుంచి క్లెయిమ్ ఫారం వచ్చింది. 100 పౌండ్ల చార్జీ, దాని మీద 70 "డెట్ రికవరీ", వడ్డీ, కోర్టు ఫీజు 35, లాయర్ ఖర్చు 50. అన్నీ కలిపి 260 దాటింది.

నేను అక్కడ లేనని ఎలా నిరూపించాలి? ఐదు నెలల కిందటి మాట.

ఎంకే_రావు

శీనూ, 260 పౌండ్ల కోసం కోర్టుల చుట్టూ ఎందుకు? మొదట్లో 14 రోజుల్లో కడితే 60తో పోయేది. సీసీజే (కట్టాలన్న కౌంటీ కోర్టు తీర్పు) పడితే రేపు మార్ట్‌గేజ్ రాదు, ఐఎల్ఆర్‌కి (శాశ్వత నివాస అనుమతికి) కూడా అడ్డం. కట్టేసి పిల్లల్ని చూసుకో.

పాతచింతకాయ

రావుగారి సలహా పక్కన పెట్టండి, దాని గురించి తర్వాత మాట్లాడదాం. ముందు తేదీలు చూడాలి. ఆధారాలు ఎన్ని ఉన్నా గడువు దాటితే అవి ఎవరూ చదవరు.

శీనుగారూ, ఫారం మీద కుడివైపు "ఇష్యూ డేట్" ఎంతుంది? దానికి 5 రోజులు కలిపితే మీకు అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో ఆన్‌లైన్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ (క్లెయిమ్ అందిందన్న జవాబు) పెట్టాలి. అది పెడితే డిఫెన్స్‌కి (మీ వాదన రాసి ఇవ్వడానికి) మొత్తం 28 రోజులు దొరుకుతాయి. అక్నాలెడ్జ్‌మెంట్‌లో "మొత్తం క్లెయిమ్‌ని వ్యతిరేకిస్తున్నాను" అని టిక్ పెట్టి ఆపేయండి. డిఫెన్స్ పెట్టెలో ఒక్క అక్షరం కూడా రాయొద్దు, రాస్తే అదే మీ డిఫెన్స్ అయిపోతుంది.

ఇంకో రెండు ప్రశ్నలు. మొదటి ఉత్తరం మీద తేదీ ఎంత? అప్పీల్‌లో కారు నడిపింది మీరేనని రాశారా?

లెస్టర్_శీను

ఇష్యూ డేట్ జూన్ 11. మొదటి ఉత్తరం మీద జనవరి 29 ఉంది. నడిపింది నేనేనని అప్పీల్‌లో రాశాను.

పాతచింతకాయ

అయితే అక్నాలెడ్జ్‌మెంట్‌కి జూన్ 30, డిఫెన్స్‌కి జులై 14 సాయంత్రం 4 గంటలు. ఫ్రిజ్ మీద అంటించుకోండి.

మొదటి ఉత్తరం తేదీ ఎందుకు అడిగానంటే, 2012 ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం 4వ షెడ్యూలు ప్రకారం, నడిపింది ఎవరో తెలియనప్పుడు కారు ఎవరి పేరున ఉంటే వాళ్లని డబ్బు అడగొచ్చు. కానీ కెమెరా కేసుల్లో ఆ నోటీసు 14 రోజుల్లోపు అందాలి. జనవరి 29న పోస్టు చేస్తే రెండో పనిదినం 31, అంటే గడువులోనే వచ్చింది. పైగా నడిపింది మీరేనని చెప్పేశారు. కాబట్టి ఆ వాదన మీకు పనికిరాదు, దాని మీద పేజీలు ఖర్చు చేయొద్దు. ఇక్కడ చాలామంది నడిపినవాళ్ల పేరు చెప్పొద్దంటారు. మామూలుగా అది మంచి సలహానే. మీ కేసు వేరు. మధ్యలో బయటికి వెళ్లానని ప్రమాణపూర్వకంగా చెప్పగలిగేది నడిపిన మనిషే కదా!

రీడింగ్_అనూష

సీసీజే గురించి నేను చెప్తాను, ఈ భయంతోనే సగం మంది కట్టేస్తున్నారు.

కేసు ఓడిపోయినా, తీర్పు వచ్చిన నెలలోపు మొత్తం కట్టేస్తే రిజిస్టర్ నుంచి పూర్తిగా తీసేస్తారు. కట్టకుండా వదిలేస్తేనే ఆరేళ్లు ఉంటుంది. ఇది సివిల్ విషయం, క్రిమినల్ కేసు కాదు. ఐఎల్ఆర్ ఫారంలో అప్పు కట్టనందుకు కోర్టు తీర్పులున్నాయా అని అడిగే మాట నిజమే, ఉంటే ఉందనే రాయాలి. కానీ కేసులో పోరాడటం, తీర్పుని పట్టించుకోకపోవడం ఒకటి కాదు రావుగారూ. కొంప ముంచేది రెండోది.

హన్మకొండ_హరి

అక్క చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్. నేను కోవెంట్రీలో చదివేటప్పుడు రూములు మారుతూనే ఉన్నా. లైసెన్స్ మీద అడ్రస్ మార్చిన గానీ వీ5సీ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) మీద మార్చలే. అవి రెండూ వేరే వేరే మార్చాలని నాకెవరు చెప్పిండ్రు? ఉత్తరాలన్నీ పాత ఇంటికి పోయినయ్. ఫోన్ కాంట్రాక్టు రిజెక్ట్ అయితే అప్పుడు తెలిసింది నా మీద సీసీజే ఉందని. ఎన్244 ఫారం వేసి తీర్పు రద్దు చేయించుకున్న, దాని ఫీజు అసలు చార్జీ కన్నా ఎక్కువ. వీ5సీ అడ్రస్ ఆన్‌లైన్‌లో ఫ్రీగా మార్చుకోవచ్చు, ఇయ్యాల్నే మార్చుకోండ్రి.

పాతచింతకాయ

ఇక అసలు విషయం, ఆధారాలు. వాళ్ల దగ్గరున్నవి, మీ దగ్గరున్నవి, ఇంకెవరి దగ్గరో ఉన్నవి, ఇలా మూడు చోట్ల వెతకాలి.

వాళ్ల దగ్గరున్న వాటి కోసం సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (నా గురించి మీ దగ్గరున్న సమాచారం ఇవ్వండి అనే వినతి) పెట్టండి. ఉచితం, నెలలోపు ఇవ్వాలి. కంపెనీ ప్రైవసీ నోటీసులో డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ ఈమెయిల్ ఉంటుంది, దానికి రాయండి. "నా డేటా అంతా ఇవ్వండి" అని వదిలేస్తే ఉన్న రెండు ఫోటోలే మళ్లీ పంపుతారు. స్పష్టంగా అడగండి: జనవరి 18న నా నంబర్‌ని మీ కెమెరాలన్నీ చదివిన ప్రతి రికార్డు, జత కుదరని ఫోటోలతో సహా, మీ సిబ్బంది రాసుకున్న నోట్స్, పంపిన ఉత్తరాలన్నీ. గుర్తింపుకి వీ5సీ కాపీ సరిపోతుంది, పాస్‌పోర్టు పంపక్కర్లేదు.

ఎందుకంటే ఈ "రెండు విజిట్లు ఒకటి" సమస్య కొత్తది కాదు. బయటికి వచ్చేటప్పుడు ముందున్న వ్యాన్‌కి మరీ దగ్గరగా ఉంటే, నంబర్ ప్లేటు మీద బురద ఉంటే, జనవరిలో ఎదురు ఎండ పడినా కెమెరా ఒక రీడింగ్ మిస్సవుతుంది. మొదటిసారి బయటికి, రెండోసారి లోపలికి, ఈ రెండూ పోతే మిగిలిన రెండూ కలిసి ఒక పెద్ద స్టే అవుతుంది. పొద్దున ఎగ్జిట్ గానీ మధ్యాహ్నం ఎంట్రీ గానీ ఒక్కటైనా వాళ్ల సర్వర్‌లో ఉంటే కేసు అక్కడికక్కడే ముగిసినట్టు.

మాంచెస్టర్_మాధవి

మీ దగ్గరున్న వాటి గురించి, మా వారి కేసులో నేర్చుకున్నవి.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ ఉంటుంది గానీ టైము ఉండదు. యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కితే చాలా బ్యాంకులు టైము కూడా చూపిస్తాయి, అది స్క్రీన్‌షాట్ తీయండి. పెట్రోల్ బంకులో క్లబ్‌కార్డ్, నెక్టార్ లాంటి షాపు పాయింట్ల కార్డు స్కాన్ చేశారా? చేసుంటే ఆ ఖాతాలో దొరుకుతుంది, దొరక్కపోతే ఆ షాపుకి కూడా సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టొచ్చు. షూస్ మార్చిన రసీదు వెతకండి. కొన్న టైము, మార్చిన టైము రెండూ కావాలి. సీసీటీవీ మీద ఆశ పెట్టుకోకండి, సాధారణంగా నెల దాటితే చెరిపేస్తారు.

గూగుల్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉండేదా? అది ఇప్పుడు ఫోన్‌లోనే ఉంటోంది, సెట్టింగుని బట్టి మూడు నెలలకే చెరిగిపోవచ్చు. ఇవాళే చూడండి. కారులో డ్యాష్‌కామ్ ఉంటే కార్డు తీసి పక్కన పెట్టండి, ఐదు నెలలకి చాలాసార్లు తిరగరాసుంటుంది గానీ చూడటంలో తప్పులేదు.

డ్యాన్స్ టీచర్‌గారికి వాట్సాప్ మెసేజ్ పెట్టారా ఆ రోజు? "పాపని దింపాం", "లేటవుతుంది" లాంటిది ఏదైనా?

లెస్టర్_శీను

మాధవిగారూ థాంక్స్! క్లబ్‌కార్డ్ స్కాన్ చేశాను. యాప్‌లో ఉంది: 11:17, పెట్రోల్. టైమ్‌లైన్ మాత్రం ఖాళీ. మాస్టారమ్మ గ్రూపులో 11:34కి పిల్లలు వార్మప్ చేస్తున్న ఫోటో పెట్టారు, అందులో మా పాప ఉంది. షూస్ రసీదు మా ఆవిడ పాత బ్యాగులో దొరికింది. కొన్నది 10:56, మార్చింది 14:29.

కోనసీమ_కుర్రాడు

ఇంకేం అన్నా, కేసు గెలిచేసినట్టే 😀

పాతచింతకాయ

తొందరపడొద్దు తమ్ముడూ. అవతలి లాయర్ ఏమంటాడో ఊహించుకో. పెట్రోల్ రసీదు మీద కారు నంబర్ లేదు. కార్డు భార్య వాడి ఉండొచ్చు, ఇంకో కారులో పోయించి ఉండొచ్చు. ఫోటోలో ఉన్నది పాప, కారు కాదు. ఒక్కోదాన్ని విడిగా చూస్తే దేనికైనా ఒక సాకు దొరుకుతుంది. నాలుగూ టైము వరుసలో పెట్టి, "నేనే నడిపాను, ఇలా వెళ్లాను" అని శీనుగారు స్వయంగా చెప్పినప్పుడు బలం వస్తుంది. సివిల్ కేసులో సందేహానికి తావు లేకుండా నిరూపించాల్సిన పనిలేదు, ఏది ఎక్కువ నమ్మశక్యంగా ఉందన్నదే జడ్జి చూస్తారు. పైగా నిరూపించాల్సిన భారం కేసు వేసినవాళ్లది.

శీనుగారూ, ఇవి చేయండి. ఇంట్లో ఇంకో కారు లేకపోతే ఆ మాట రాయండి. ఉంటే ఆ రోజు అదెక్కడుందో రాయండి. వార్మప్ ఫోటో ఒరిజినల్ టీచర్‌గారి ఫోన్ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకోండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో తీసిన టైము వివరాలు పోతాయి. ఆవిడ ఒక పేజీ స్టేట్‌మెంట్ ఇస్తే ఇంకా మంచిది: ఎవరు దింపారు, ఎన్నింటికి, హాజరు పుస్తకంలో ఏముంది. హియరింగ్‌కి రాలేకపోయినా చెల్లుతుంది, కాకపోతే ప్రశ్నలు అడిగే వీలుండదు కాబట్టి విలువ కొంచెం తగ్గుతుంది.

రిటైల్ పార్కు నుంచి బంకుకి, అక్కడి నుంచి క్లాసుకి ఎంత దూరమో మ్యాప్ కూడా ఒక పేజీ పెట్టండి. మీ ఊరు తెలియని జడ్జి రావచ్చు.

కేపీహెచ్‌బీ_నుంచి

హైదరాబాద్ నుంచి చదువుతున్నా. ఇక్కడ 2018లో జీవో 63 వచ్చాక మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు అందరికీ ఫ్రీ, బిల్లు చూపిస్తే గంట వరకు ఫ్రీ. మీ దగ్గర ఫ్రీ పార్కింగ్‌లో పెట్టినందుకు కోర్టు కేసా! మా గేటు దగ్గర వాచ్‌మన్‌తో గొడవ పడటమే నయం.

మోడరేటర్

వాచ్‌మన్ గొడవలకి వేరే చోటుంది 🙂 ఇక్కడ శీనుగారి కేసు గురించే రాయండి. శీనుగారూ, మీ మొదటి స్క్రీన్‌షాట్‌లో కారు నంబర్, రిఫరెన్సు కనిపిస్తున్నాయి, తీసేశాను. పార్కింగ్ కంపెనీలవాళ్లు కూడా ఇలాంటి చోట్ల చదువుతుంటారు.

కోనసీమ_కుర్రాడు

నాదొక డౌట్. బీవిస్ కేసు అని ఒకటుంది కదా, సుప్రీంకోర్టు పార్కింగ్ కంపెనీకే అనుకూలంగా చెప్పింది. ఇక వీళ్లని ఎవరైనా ఎలా గెలుస్తారు?

రీడింగ్_అనూష

2015 నవంబరు తీర్పు అది, పార్కింగ్ ఐ వర్సెస్ బీవిస్. చెమ్స్‌ఫర్డ్‌లో రిటైల్ పార్కు, 2 గంటలు ఫ్రీ, ఆయన 56 నిమిషాలు ఎక్కువ ఉన్నారు, చార్జీ 85 పౌండ్లు. ఎక్కువసేపు ఉన్నానని ఆయనే ఒప్పుకున్నారు. గొడవంతా ఆ 85 జరిమానా కిందకి వస్తుందా, వస్తే చెల్లదా అన్నదాని మీదే. బోర్డులు పెద్దగా, చాలా చోట్ల, స్పష్టంగా ఉన్నాయని కోర్టు చెప్పింది. శీనుగారు అసలు ఎక్కువసేపు లేనేలేరు. వాళ్ల స్టేట్‌మెంట్‌లో బీవిస్ తీర్పు మొత్తం అంటిస్తారు, కంగారు పడొద్దు, తేడా రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

అదే తీర్పు ఆ 70 పౌండ్ల విషయంలో మనకే పనికొస్తుంది. కంపెనీ నడిపే ఖర్చంతా 85లోనే వస్తోందన్నది అక్కడి లెక్క. మళ్లీ 70 దేనికి? ప్రభుత్వం 2022లో ప్రైవేట్ పార్కింగ్ కంపెనీలకి ఇచ్చిన కోడ్ (నియమావళి) ఇలాంటి అదనపు ఫీజుల్ని వద్దంది గానీ, కంపెనీలు కోర్టుకెళ్లడంతో ఆ కోడ్‌ని వెనక్కి తీసుకున్నారు. అందుకే ఇప్పుడు ఒక్కో జడ్జి ఒక్కోలా చూస్తున్నారు. రాయండి, కానీ కేసంతా దాని మీదే నిలబెట్టకండి.

మాంచెస్టర్_మాధవి

బోర్డుల ఫోటోలు తీయాలా వద్దా?

పాతచింతకాయ

తీయాలి, కానీ ఇక్కడ అది రెండో వరుస. డ్రైవర్ సీటు ఎత్తు నుంచి ఎంట్రన్స్ ఎలా కనిపిస్తుందో పక్కన కూర్చున్నవాళ్లు వీడియో తీయాలి. "రెండు గంటల్లో మళ్లీ రాకూడదు" లాంటి షరతు ఉందేమో దగ్గరికెళ్లి చదవాలి. ఉంటే వాళ్లు అటు తిరుగుతారు! గూగుల్ స్ట్రీట్ వ్యూలో పాత తేదీల ఫోటోలు కూడా చూడండి, వాళ్లు కోర్టుకి ఇచ్చే బోర్డు బొమ్మ చాలాసార్లు ఎప్పటిదో అయి ఉంటుంది.

బోర్డులకి కౌన్సిల్ అనుమతి ఉందా లేదా అని కొందరు తవ్వుతుంటారు. నా మటుకు నేను అది పెట్టను. నాలుగు బలమైన పేజీల మధ్య ఒక బలహీనమైన పేజీ ఉంటే అవతలివాళ్లు దాని గురించే పది నిమిషాలు మాట్లాడతారు.

డిఫెన్స్ గురించి కూడా: అది వాదన, ఆధారం కాదు. రసీదులు ఈ దశలో జత చేయొద్దు. "ఎక్కువసేపు ఉన్నానన్నది అబద్ధం, రెండు విజిట్లు, కంపెనీకి స్థలం యజమాని తరఫున కేసు వేసే అధికారం ఉందని నిరూపించాలి, 70 చెల్లదు." అంతే. తర్వాత ఎన్180 ఫారం (కేసు ఎలా నడవాలో అడిగే ప్రశ్నలు) వస్తుంది, అందులో మీ ఊరి కోర్టు అడగండి.

లెస్టర్_శీను · ఆగస్టు

అప్‌డేట్. డిఫెన్స్ టైముకి వెళ్లింది. సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్‌కి జవాబొచ్చింది: అవే రెండు ఫోటోలు. జత కుదరని రికార్డుల గురించి మళ్లీ రాస్తే "అలాంటివి మా వద్ద నిల్వ ఉండవు" అన్నారు. షరతులు చదివాను, మళ్లీ రాకూడదన్న మాట ఎక్కడా లేదు.

మీడియేషన్ (రాజీ కుదిర్చే) ఫోన్ కాల్ కూడా అయింది. 140 ఇస్తే వదిలేస్తామన్నారు. నేను సున్నా అన్నాను.

రీడింగ్_అనూష

సున్నా అనడానికి మీకు పూర్తి హక్కుంది. 2024 మే నుంచి ఈ కాల్‌లో పాల్గొనడం తప్పనిసరి, ఒప్పుకోవడం తప్పనిసరి కాదు. అక్కడ మాట్లాడినవి జడ్జికి చెప్పకూడదు కూడా, కాబట్టి ఆ 140 మాట స్టేట్‌మెంట్‌లో రాయకండి.

పాతచింతకాయ

"నిల్వ ఉండవు" అన్న ఈమెయిల్ బంగారం. ఎగ్జిబిట్‌గా పెట్టండి. మధ్యలో కారు బయటికి వెళ్లలేదని చెప్పే రికార్డు తమ దగ్గర లేదని వాళ్లే రాసిచ్చారు.

హియరింగ్ ఆర్డర్ వచ్చాక అందులో రెండు తేదీలు వెతకండి. ఒకటి వాళ్లు 27 పౌండ్ల హియరింగ్ ఫీజు కట్టాల్సిన తేదీ. రెండోది ఇద్దరూ స్టేట్‌మెంట్లు ఇచ్చిపుచ్చుకోవాల్సిన తేదీ, మామూలుగా హియరింగ్‌కి 14 రోజుల ముందు, కానీ ఆర్డర్‌లో ఎంతుంటే అంతే. పేరాలకి నంబర్లు, పేజీలకి నంబర్లు, "ఎగ్జిబిట్ 3, పేజీ 9" అని కచ్చితంగా చూపించాలి. చివర స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్ (రాసిందంతా నిజమన్న ధ్రువీకరణ) కోర్టు చెప్పిన మాటల్లోనే ఉండాలి, సంతకం, తేదీ. కోర్టుకి, అవతలి సొలిసిటర్లకి ఇద్దరికీ పంపి, పంపిన రుజువు ఉంచుకోండి. మొదటి పేజీలో ఒక చిన్న టైము పట్టిక పెట్టండి. జడ్జికి మీ ఫైలు చదవడానికి ఎక్కువ సమయం ఉండదు.

లెస్టర్_శీను · డిసెంబరు

స్టేట్‌మెంట్ పంపాను, టీచర్‌గారి పేజీ, రసీదులు, మ్యాప్ అన్నీ కలిపి 21 పేజీలు. వాళ్లది కూడా వచ్చింది. ఆ రోజు అక్కడ లేని ఒక పారాలీగల్ (లాయర్ ఆఫీసు సహాయకులు) సంతకం చేశారు. పెట్రోల్ గురించి ఒక్క మాట లేదు. స్థలం యజమానితో ఒప్పందంలో సగం నల్లరంగు పూసేశారు, సంతకాల దగ్గర కూడా.

మాంచెస్టర్_మాధవి

హియరింగ్ ఎప్పుడు? ప్రింటు రెండు సెట్లు తీసుకెళ్లండి. ఆఫీసులో సెలవు పెడితే జీతం పోయినట్టు లెటర్ తీసుకోండి. గెలిస్తే రోజుకి 95 పౌండ్ల దాకా అడగొచ్చు.

లెస్టర్_శీను

హియరింగ్ లేదండీ! ఇవాళ ఈమెయిల్‌లో నోటీస్ ఆఫ్ డిస్‌కంటిన్యుయెన్స్ వచ్చింది. కేసు వెనక్కి తీసుకున్నారట. కారణం రాయలేదు.

కోనసీమ_కుర్రాడు

పార్టీ ఎప్పుడన్నా 🎉

ఎంకే_రావు

శుభం శీనూ. నేనైతే ఎప్పుడో కట్టేసేవాణ్ని, ఒప్పుకుంటా. ఇంతకీ ఇన్ని నెలల ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టొచ్చా?

రీడింగ్_అనూష

కష్టం రావుగారూ. మామూలుగా కేసు వెనక్కి తీసుకున్నవాళ్లు ఎదుటివాళ్ల ఖర్చు భరించాలి, కానీ చిన్న క్లెయిముల ట్రాక్‌కి (ఇలాంటి తక్కువ మొత్తం కేసులకి) ఆ నియమం వర్తించదు. అసమంజసంగా ప్రవర్తించారని నిరూపిస్తేనే ఏదైనా వస్తుంది. దాని కోసం ఇంకో దరఖాస్తు, ఇంకో ఫీజు. నేనైతే వేయను.

పాతచింతకాయ

నేను వేసేవాణ్ణే, కానీ నాకు పనీపాటా లేదు 🙂 శీనుగారూ, ఆ నోటీసు కోర్టుకి కూడా అందిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. అందిందని చెప్పేదాకా హియరింగ్ తేదీ క్యాలెండర్లోంచి తీయొద్దు. వాళ్లు మీకు పంపి కోర్టుకి పంపడం మర్చిపోయిన సందర్భాలు ఉన్నాయి.

లెస్టర్_శీను

చేశాను. ఫైల్ అయింది, తేదీ రద్దు చేశామన్నారు. అందరికీ థాంక్స్, ముఖ్యంగా మాస్టారమ్మకి. స్టేట్‌మెంట్ రాయమంటే ఆవిడ హాజరు పుస్తకం స్కాన్ చేసి మరీ పంపారు.

స్లౌ_సుజాత

ఇదంతా ఇప్పుడే చదివాను. మాది అపార్ట్‌మెంట్, మా సొంత బేలోనే కారు పెడితే పర్మిట్ కనిపించలేదని అద్దానికి టికెట్ అంటించారు. ఇదే పద్ధతి పనికొస్తుందా?

పాతచింతకాయ

కాదు, మీది వేరే దారి. మీ లీజ్ లేదా అద్దె ఒప్పందంలో ఆ బే గురించి ఏం రాసుందన్నదే ముఖ్యం. అద్దానికి టికెట్ అంటించారు కాబట్టి ఇంటికొచ్చే నోటీసు గడువు లెక్క కూడా మారుతుంది, 28 రోజుల తర్వాత, 56 రోజుల లోపు. నడిపిందెవరో ఎక్కడా రాయకండి. కొత్త చర్చ మొదలుపెట్టి లీజ్‌లో పార్కింగ్ పేరా, టికెట్ రెండువైపుల ఫోటోలు పెట్టండి. నంబర్లు మాత్రం చెరిపేసి.